ఫ్రెంచ్ టోస్ట్‌కు కావలసింది నిన్నటి బ్రెడ్

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ పత్రిక వంటల పేజీలో ఫ్రెంచ్ టోస్ట్ తయారీ గురించి వచ్చిన వ్యాసం చదివాను. కొలతలు సరిగానే ఉన్నాయి. కొత్తగా పొయ్యి దగ్గరికి వచ్చినవారికి కూడా అర్థమయ్యేలా చెప్పారు. అయితే కావలసిన పదార్థాల కింద రాసిన మొదటి మాట దగ్గరే నేను ఆగిపోయాను. ఆ రోజు కొన్న మెత్తని బ్రెడ్ మాత్రమే వాడాలనీ, రెండు రోజులు దాటి గట్టిపడిన బ్రెడ్ పాడైనట్టే కనుక దాన్ని పారేయాలనీ అందులో ఉంది. ఈ ఒక్క వాక్యంలో రెండు పొరపాట్లున్నాయి. గట్టిపడిన బ్రెడ్ వేరు, పాడైన బ్రెడ్ వేరు. ఇక ఫ్రెంచ్ టోస్ట్ సంగతి చెప్పాలంటే, ఆ వంటకం నిలిచిందే గట్టిపడిన రొట్టెను తినగలిగేలా చేయడం మీద. మీ పేజీని ముందు పెట్టుకుని వంట చేసేవారు ఎందరో ఉంటారు. వారు ఆ మాటను నమ్మి ఆచరిస్తే మంచి బ్రెడ్ చెత్తబుట్టలో పడుతుంది, దాని బదులు వాడిన తాజా బ్రెడ్ పెనం మీద చితికిపోతుంది. అందువల్ల ఈ విషయం కొంచెం వివరంగానే రాస్తున్నాను.

బ్రెడ్ గట్టిపడటమంటే అందులోని తడి ఆరిపోవడమేనని చాలామంది అనుకుంటారు. నేనూ చాలా ఏళ్లపాటు అలాగే అనుకున్నాను. నిజానికి గాలి చొరబడని డబ్బాలో పెట్టి, తడి ఏమాత్రం బయటికి పోకుండా చూసినా బ్రెడ్ బిరుసెక్కుతుంది. ఈ సంగతిని ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త జాన్ బాప్టిస్ట్ బూసాంగో 1852లోనే ప్రయోగం చేసి చూపించాడు. తేమ పోకుండా మూసి ఉంచిన రొట్టె కూడా గట్టిపడిందనీ, అలా గట్టిపడిన రొట్టెను మళ్లీ వేడి చేస్తే మెత్తబడిందనీ ఆయన గమనించాడు. ఆరిపోవడం ఒకటి, బిరుసెక్కడం మరొకటి. మన వంటిళ్లలో రెండూ ఒకేసారి జరుగుతుంటాయి కాబట్టి మన కంటికి ఒకటిగానే కనిపిస్తాయి.

మరి బిరుసు ఎక్కడి నుంచి వస్తుంది? గోధుమపిండిలోని పిండిపదార్థం సన్నని రేణువులుగా ఉంటుంది. ఓవెన్‌లో కాలేటప్పుడు ఆ రేణువులు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి, వాటిలో బిగువుగా అమరి ఉన్న గొలుసుల్లాంటి అణువులు సడలిపోతాయి. తాజా బ్రెడ్‌లోని మెత్తదనంలో ఎక్కువ పాలు ఈ సడలింపుదే. బ్రెడ్ చల్లారడం మొదలైనప్పటి నుంచి ఆ గొలుసులు మళ్లీ ఒకదాని దగ్గరికి ఒకటి చేరి, వరుసలు కట్టి, బిగుసుకోవడం మొదలుపెడతాయి. వాటిలో అమైలోజ్ అనే తిన్నని గొలుసులు మొదటి కొన్ని గంటల్లోనే బిగుస్తాయి. పొయ్యి నుంచి దించిన వెంటనే కోస్తే కత్తికి అంటుకుని ముద్దయ్యే రొట్టె, చల్లారిన తరువాత చక్కగా ముక్కలుగా తెగడానికి ఇదొక కారణం. కొమ్మలు కొమ్మలుగా ఉండే అమైలోపెక్టిన్ మాత్రం రోజుల తరబడి మెల్లగా బిగుసుకుంటుంది. మూడో రోజు ప్యాకెట్ విప్పి, ముక్కను వేలితో నొక్కి, ‘గట్టిపడింది’ అని మనం అనేది ఈ రెండో బిగింపును చూసే. అదే సమయంలో లోపలి మెత్తని భాగంలోని తేమ కొంత పైపెచ్చులోకి చేరుతుంది; అందుకే కరకరలాడవలసిన పెచ్చు తోలులా సాగుతుంది. ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కడా కుళ్లడం లేదు, పులవడం లేదు, సూక్ష్మక్రిముల ప్రమేయం లేదు. నీటికీ పిండికీ మధ్య జరిగిన సర్దుబాటు మాత్రమే ఉంది.

ఇక్కడే ఫ్రిజ్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ వ్యాసంలో బ్రెడ్ తాజాగా ఉండాలంటే ఫ్రిజ్‌లో పెట్టమని ఉంది. పిండిపదార్థం బిగుసుకోవడం 4 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో, అంటే సరిగ్గా ఫ్రిజ్ లోపలి చలిలో, బయటికంటే వేగంగా జరుగుతుంది. ఫ్రిజ్‌లో పెట్టినందువల్ల బూజు ఆలస్యంగా వస్తుంది, అది నిజం. ఉక్కపోతగా ఉన్న రోజుల్లో ఆ కారణంగా లోపల పెట్టడం సబబే. మెత్తదనం నిలుస్తుందని మాత్రం ఆశించకూడదు. మెత్తదనం కావాలంటే ముక్కలుగా కోసి డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల వద్ద గడ్డకట్టించడం మంచిది, ఆ చలిలో బిగుసుకోవడం దాదాపు ఆగిపోతుంది. ఈ లెక్కన చూస్తే ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు ఉండి, బూజు పట్టకుండా, అట్టలా బిగుసుకున్న బ్రెడ్ ఫ్రెంచ్ టోస్ట్ కోసం ఎవరో కావాలని సిద్ధం చేసి పెట్టినట్టుగా ఉంటుంది.

ఎందుకంటే, బూసాంగో గమనించిన రెండో విషయం మనకు పనికివచ్చేది ఇక్కడే. బిగుసుకున్న పిండిపదార్థం 60 డిగ్రీలు దాటి వేడెక్కితే మళ్లీ సడలుతుంది. గట్టిపడిన ముక్కను చల్లని పాలూ గుడ్డూ కలిపిన మిశ్రమంలో నానబెట్టినప్పుడు దాని గోడలు బిగువుగానే ఉంటాయి. పాలు లోపలి గాలి గదుల్లోకి చేరతాయి కానీ ముక్క ఆకారం చెడదు. ఆ ముక్క పెనం మీదికి చేరి లోపల వేడి పెరిగే కొద్దీ గోడలు సడలి, చుట్టూ ఉన్న పాలను తమలోకి తీసుకుని మెత్తబడతాయి. దాదాపు అదే సమయంలో గుడ్డు గట్టిపడి ఆ మెత్తదనాన్ని విడిపోకుండా పట్టి ఉంచుతుంది. తాజా ముక్కలో గోడలు ముందే సడలి ఉన్నాయి. పైగా తాజా బ్రెడ్ బరువులో మూడో వంతుకు మించి నీరే ఉంటుంది, కాబట్టి దానిలో కొత్తగా తడికి చోటు తక్కువ, ఆ తడిని మోసే బలం ఇంకా తక్కువ.

ఇది పుస్తకాల్లోని మాటగా కాకుండా కళ్లారా చూడాలని ఒక ఉదయం రెండు ముక్కలను పక్కపక్కనే పెట్టి వండాను. ఒకటి ఆ ఉదయం తెచ్చిన బ్రెడ్‌లోది, రెండోది అదే రకం బ్రెడ్‌లో నాలుగు రోజుల క్రితంది. ఒకే గిన్నెలో గిలక్కొట్టిన మిశ్రమాన్ని రెండు పళ్లేల్లో సమంగా పోసి రెండింటినీ ఒకేసారి పెట్టాను. తాజా ముక్క కిందివైపు క్షణాల్లో రంగు మారింది. తిప్పుదామని అంచు పట్టుకుని ఎత్తేసరికి మధ్యభాగం వేలాడి, వేలి కింద జారి, చిల్లు పడింది. తెగిన మెత్తని ముద్ద కొంత పళ్లెంలోనే మిగిలిపోయింది. పాత ముక్క మీద పాలు ముందు చిన్న చిన్న చుక్కలుగా నిలబడ్డాయి. తరువాత ఒక్కొక్క రంధ్రమే తడిసి ముదురు రంగులోకి మారుతూ వచ్చింది. అర నిమిషం తరువాత తిప్పి, మరో అర నిమిషం ఉంచి, మధ్యలో వేలితో నొక్కితే స్పాంజిలా కిందికి వెళ్లి మళ్లీ పైకి లేచింది. అట్లకాడ కింద పెట్టి ఎత్తితే ముక్క మొత్తం ఒకటిగా లేచింది, అంచు నుంచి రెండు మూడు చుక్కలు మాత్రం కారాయి. పెనం మీద తాజా ముక్క పైన ఎర్రబడింది కానీ లోపల పచ్చిగా, నాలుకకు అంటుకునే జావలా ఉండిపోయింది. పాత ముక్కను మధ్యలో కోసి చూస్తే అంచున గోధుమరంగు గీత, లోపల లేత పసుపు, మధ్యలో వణుకుతున్న మెత్తదనం. చెమ్మ ఉంది కానీ ఎక్కడా నీరు కారడం లేదు. పళ్లెంలో మిగిలిన మిశ్రమం చూసినా తేడా తెలిసింది. పాత ముక్క పళ్లెం దాదాపు ఖాళీ అయింది.

ఇంట్లో తాజా బ్రెడ్ తప్ప మరేదీ లేకపోతే ఏం చేయాలని ఎవరైనా అడగవచ్చు. ముక్కలను ముందు రాత్రే జాలీ మీద విడివిడిగా పరిచి, పలుచని బట్ట కప్పి వదిలేస్తే తెల్లవారేసరికి పైన ఆరిపోతాయి. అంత వ్యవధి లేనప్పుడు సన్నని వేడి మీద ఓవెన్‌లోనో పెనం మీదనో రంగు మారకుండా కొన్ని నిమిషాలు ఆరనిచ్చి, పూర్తిగా చల్లార్చి వాడుకోవచ్చు. అయితే ఇలా ఆరబెట్టిన ముక్క గట్టిగా ఉన్నా, రోజులు గడిచి బిగుసుకున్న ముక్కతో పూర్తిగా సమానం కాదని నా అనుభవం. పని మాత్రం జరుగుతుంది. ముక్క మందం గురించి మీ వ్యాసంలో ఏమీ రాయలేదు. ప్యాకెట్‌లో కోసి వచ్చే పలుచని ముక్కలు పది, పదిహేను సెకన్లకు మించి నానకూడదు. కోయని రొట్టె దొరికితే రెండు సెంటీమీటర్ల మందాన కోసుకుంటే లోపల మెత్తదనానికి చోటు ఉంటుంది; బాగా ఎండిన మందపాటి ముక్కకు ఒక్కో వైపు నిమిషం పట్టినా ఆశ్చర్యం లేదు. గడియారం కంటే వేలే నమ్మదగినది. నొక్కితే మధ్యలో గట్టి ముడిలా తగలకూడదు, ఎత్తితే వేలాడకూడదు.

మిశ్రమం విషయంలో మీ కొలతతో నాకు పేచీ లేదు. రెండు గుడ్లకు 120 నుంచి 150 మిల్లీలీటర్ల పాలు, ఒకటి రెండు చెంచాల పంచదార, చిటికెడు ఉప్పు నాలుగైదు ముక్కలకు సరిపోతాయి. బ్రెడ్ ఎంత పాతదైతే పాలు అంత ధారాళంగా పోయవచ్చు. కాకపోతే కలిపే వరుస ముఖ్యం. ముందు గుడ్లను ఉప్పు, పంచదారతో కలిపి తెల్లసొన తీగలు కనపడనంతగా గిలక్కొట్టి, ఆ తరువాతే పాలు పోయాలి. పాలు ముందు పోస్తే తెల్లసొన ముద్దలుగా తేలి, బ్రెడ్ లోపలికి వెళ్లకుండా పైనే అంటుకుని, పెనం మీద ఆమ్లెట్ పీలికల్లా వేగుతుంది. దాల్చినచెక్క పొడి వేసేవారు దాన్ని నేరుగా పాలలో చల్లకుండా పంచదారతో కలిపి వేయాలి, లేకపోతే అది మిశ్రమం పైన తెట్టులా తేలి మొదటి ముక్కకే మొత్తం అంటుకుపోతుంది. ఉప్పును చాలామంది మానేస్తారు. తీపి వంటకంలో ఉప్పెందుకని వారి సందేహం. చిటికెడు ఉప్పు లేని ఫ్రెంచ్ టోస్ట్ చప్పగా, గుడ్డు వాసనే ముందుకు వచ్చినట్టు ఉంటుంది.

మంట దగ్గర మాత్రం మీ వ్యాసంతో నేను ఏకీభవించలేను. పెద్ద మంట మీద ఒక్కో వైపు ఒక్క నిమిషం అని రాశారు. పైభాగానికి దోర రంగు, ఆ కమ్మని వాసన రావాలంటే 140 డిగ్రీలకు పైగా వేడి కావాలి. లోపలి గుడ్డూ పాలూ చక్కగా గట్టిపడటానికి 80 డిగ్రీల లోపు వేడి చాలు, అంతకు బాగా మించితే గుడ్డు ముడుచుకుని నీరు వదిలేస్తుంది. ఈ రెండు అవసరాలూ ఒకే సమయంలో తీరాలంటే మధ్యస్థం కంటే కాస్త తక్కువ సెగ మీద ఒక్కో వైపు మూడు నుంచి నాలుగు నిమిషాలు వేయించాలి. పెద్ద మంట మీద పైన మాడుతుంది, లోపల పచ్చిగా మిగులుతుంది. గుడ్డు ఉన్న వంటకం లోపలి వేడి కనీసం 71 డిగ్రీలకు చేరాలన్నది ఆహార భద్రత నిపుణులు చెప్పే మాట; ముఖ్యంగా పసిపిల్లలు, గర్భిణులు, వృద్ధులు తినేటప్పుడు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. థర్మామీటర్ లేనివారు మధ్యలో అట్లకాడతో మెల్లగా నొక్కి చూడవచ్చు. పచ్చి మిశ్రమం పైకి ఊరితే ఇంకా ఉడకాలని అర్థం, అప్పుడు సెగ తగ్గించి మూత పెట్టాలి. వెన్న వాడితే ఒక వాయి అయిన ప్రతిసారీ పెనాన్ని తుడిచి కొత్తగా వెన్న వేయాలి, ఎందుకంటే వెన్నలో ఉండే పాల ఘనపదార్థాల రేణువులు మొదటి వాయికే ఎర్రబడి రెండో వాయికి మాడి చేదెక్కుతాయి. ముక్కలు నానగా మిగిలిన పచ్చి మిశ్రమాన్ని దాచిపెట్టి మర్నాడు వాడకూడదు, అప్పటికప్పుడే పెనం మీద వేసి ఉడికించుకోవాలి.

పాత బ్రెడ్ వాడమని ఇంత గట్టిగా చెబుతున్నప్పుడు, ఏ బ్రెడ్ వాడకూడదో అంతకంటే గట్టిగా చెప్పవలసిన బాధ్యత నాకుంది. బూజు పట్టిన బ్రెడ్‌ను వాడనే కూడదు. ఈ మాటకు మినహాయింపు లేదు. నా చిన్నతనంలో మా ఇంట్లో ముక్క మూలన ఆకుపచ్చ మచ్చ కనిపిస్తే ఆ మూల గిల్లి పారేసి మిగతాది వేయించి పెట్టేవారు. పొదుపు అనుకునే చేసేవారు, తెలియక చేసేవారు. కంటికి కనిపించే పచ్చని మచ్చ బూజు మొక్క పూత వంటిది. దాని తీగలు అప్పటికే బ్రెడ్ లోపలి మెత్తని గదుల్లోకి పాకి ఉంటాయి, వాటికి రంగు ఉండదు కనుక మనకు కనపడవు. కొన్ని రకాల బూజులు వదిలే విషపదార్థాలు పెనం వేడికి నశించవు. అందువల్ల ఒక ముక్కకు బూజు కనిపిస్తే దాన్ని, దానికి ఆనుకుని ఉన్న ముక్కలను మాత్రమే తీసేసి ఊరుకోకుండా, కోసి ప్యాక్ చేసిన బ్రెడ్ అయితే ప్యాకెట్ మొత్తం పారేయడమే మంచిది. బూజు ఉందేమోనని ముక్కు దగ్గర పెట్టుకుని గాఢంగా వాసన పీల్చడం కూడా తగదు, ఆ బీజాలు ఊపిరితిత్తుల్లోకి వెళతాయి.

బూజు కంటే తక్కువమందికి తెలిసిన మరో చెడుపు ఉంది. వేడిగా, తేమగా ఉన్న వాతావరణంలో కొన్ని రకాల బాసిల్లస్ బాక్టీరియా బ్రెడ్ లోపల పెరుగుతాయి. వాటి బీజాలు ఓవెన్ వేడిని కూడా తట్టుకుని లోపల బతికి ఉంటాయి, అందుకే పైపెచ్చు నిక్షేపంగా ఉన్నా మధ్యలో చెడుతుంది. అలాంటి బ్రెడ్‌లో మాగిపోయిన పండు వాసన వస్తుంది, మధ్యభాగం జిగటగా ఉంటుంది, రెండుగా విడదీస్తే సన్నని తీగలు సాగుతాయి. గట్టిపడిన బ్రెడ్ పొడిగా విరుగుతుంది. చెడిన బ్రెడ్ జిగటగా సాగుతుంది. ఈ తేడా ఒక్కసారి చేతికి తెలిస్తే మరిచిపోరు. తినదగిన పాత బ్రెడ్‌కు వాసన పెద్దగా ఉండదు, ఉంటే పొడి పిండి వాసన మాత్రమే ఉంటుంది. మీ వ్యాసం రాసినవారు ‘పాడైనట్టే’ అన్నది బహుశా ఇలాంటి భయం వల్లేనేమో, ఆ భయాన్ని నేను తప్పుపట్టను. కానీ ఆ భయానికి మందు గుర్తులు నేర్పడమే. రోజులు లెక్కపెట్టి పారేయమంటే తాజాగా కనిపించే బ్రెడ్‌లోని బూజును ఎవరూ వెతకరు, బాగున్న బ్రెడ్ మాత్రం పోతుంది.

గుడ్డు తినని పాఠకులకు మీ వ్యాసంలో ఒక్క మాట కూడా లేదు. గుడ్డు చేసే పని ముఖ్యంగా పాలను లోపల గట్టిపరచి పట్టి ఉంచడం, ఆ పనిని మొక్కజొన్న పిండిపదార్థం కూడా చాలావరకు చేయగలదు. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే ఔషధ నిపుణుడు తన భార్యకు గుడ్డు పడనందువల్ల 1837లో గుడ్డు లేని కస్టర్డ్ పొడిని తయారుచేశాడు. మనం వాడే కస్టర్డ్ పౌడర్‌కు మూలం అదే. 200 మిల్లీలీటర్ల పాలలో ఒకటిన్నర పెద్ద చెంచాల కస్టర్డ్ పొడి ఉండలు లేకుండా కలిపి, పంచదార వేసి, ఒక పొంగు వచ్చేదాకా గరిటె తిప్పుతూ కాచి, గోరువెచ్చగా అయ్యాక పాత బ్రెడ్ ముక్కలు ముంచి వేయించుకోవచ్చు. పచ్చి పాలలో పొడి కలిపి అలాగే ముంచితే పొడి అడుగున పేరుకుని ముక్కకు ఉత్త పాలే అంటుతాయి. ఈ పద్ధతిలో మిశ్రమం చిక్కగా ఉంటుంది కనుక లోపలికి తక్కువగా ఇంకుతుంది, అందుచేత ముక్క మరీ మందంగా ఉండకూడదు. గుడ్డుతో చేసినదానిలా పొంగదు కానీ అంచులు మరింత కరకరలాడతాయి.

ఈ వంటకం పాత రొట్టె కోసమే పుట్టిందని పైన అన్నాను. అపీషియస్ పేరుతో మనకు దక్కిన ప్రాచీన రోమన్ వంటల సంకలనంలోనే దీని పూర్వరూపం ఉంది. పెచ్చు తీసిన తెల్లని గోధుమ రొట్టెను పెద్ద ముక్కలుగా తుంచి, పాలలో నానబెట్టి, వేయించి, తేనె పోసి వడ్డించమని అందులో చెప్పారు. గుడ్డు ప్రస్తావన లేదు. ఫ్రెంచివారు దీన్ని ‘పాన్ పెర్డూ’ అంటారు, అంటే పోయిన రొట్టె. చేజారిందనుకున్న రొట్టె తిరిగి పళ్లెంలోకి వస్తుందన్న భావం ఆ పేరులోనే ఉంది. జర్మన్లు ‘ఆర్మె రిట్టర్’, పేద యోధులు, అని పిలుస్తారు. స్పెయిన్‌లో ఈస్టర్‌కు ముందు వారంలో చేసుకునే తొర్రీహాస్ కూడా ఈ కుటుంబానిదే, అక్కడ కూడా ముందు రోజుల రొట్టెకే ప్రాధాన్యం. ఇంగ్లీషులో ఫ్రెంచ్ టోస్ట్ అన్న పేరు 1660లో అచ్చయిన ఒక వంటల పుస్తకంలో కనిపిస్తుంది కానీ, అందులోని వంటకం రొట్టెను ఇనుప జాలీ మీద కాల్చి ద్రాక్షసారాయిలో నానబెట్టేది. పేరు ఒకటే, వంటకం వేరు. ఇన్ని దేశాల్లో ఇన్ని పేర్లతో సాగివచ్చిన వంటకానికి ‘తాజా బ్రెడ్ మాత్రమే’ అన్న నియమం ఎలా వచ్చి చేరిందో నాకు అంతుపట్టలేదు. బహుశా ఫోటోలో ముక్క అంచులు సాఫీగా కనిపించాలన్న కోరిక కావచ్చు.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా ఇళ్లు, హోటళ్లు, దుకాణాల స్థాయిలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో 60 శాతం, అంటే సుమారు 63 కోట్ల టన్నులు, ఇళ్లలోనే వృథా అయింది. అంటే ఇందులో ఎక్కువ భాగం మనలాంటివారు వంటింట్లో నిలబడి, చేతిలో ఏదో పట్టుకుని, ‘ఇది పనికొస్తుందా, రాదా’ అని ఆలోచించే క్షణంలో జరిగేదే. ఆ క్షణంలో గుర్తుకువచ్చేది ఎప్పుడో పత్రికలో చదివిన ఒక వాక్యమే అయితే, ఆ వాక్యం సరిగా ఉండాలని కోరడం అతిశయం కాదనుకుంటాను. నాలుగు బ్రెడ్ ముక్కల వెనుక గోధుమ పండించిన నేల, పెట్టిన నీరు, మర ఆడించిన శ్రమ, ఓవెన్ మండించిన ఇంధనం ఉన్నాయి. వాటిని రెండు గుడ్లతో, పది నిమిషాలతో నిలబెట్టుకోగలిగినప్పుడు పారేయమని చెప్పడం నాకు బాధ కలిగించింది.

బ్రెడ్ ప్యాకెట్‌లో అందరూ వదిలేసే మొదటి, చివరి ముక్కల గురించి కూడా రాయాలి, ఎందుకంటే ఇళ్లలో మిగిలిపోయేవి ఎక్కువగా అవే. వాటికి ఒకవైపు మొత్తం పెచ్చే కాబట్టి ఆ వైపు నుంచి పాలు ఇంకవు. పెచ్చు వైపు ఫోర్క్‌తో పది పదిహేను చోట్ల గుచ్చి, తెల్లని వైపు కిందికి పెట్టి నానబెడితే సరిపోతుంది. అలాంటి చివరి ముక్కలు ఎక్కువగా చేరినప్పుడు వాటిని చతురస్రాలుగా కోసి, వెన్న రాసిన గిన్నెలో వేసి, అప్పటికప్పుడు కలిపిన మిశ్రమం మీద పోసి, ఒక అరగంట ఫ్రిజ్‌లో నాననిచ్చి, 175 డిగ్రీల ఓవెన్‌లో మధ్యభాగం కదలకుండా గట్టిపడేదాకా కాల్చుకోవచ్చు. పిల్లలు ముట్టని ఆ చివరి ముక్కలు మా ఇంట్లో ఈ రూపంలో వచ్చిన రోజు మిగలవు.

మీరు వచ్చే ఆదివారం అదే పేజీలో ఒక చిన్న సవరణ ప్రచురించాలని నా విన్నపం. పదార్థాల జాబితాలో ‘తాజా బ్రెడ్’ అన్నచోట ‘రెండు నుంచి నాలుగు రోజుల క్రితంది, బూజు, జిగట, పుల్లని వాసన లేనిది’ అని రాయండి. మంట పెద్దది అన్నచోట మధ్యస్థం కంటే తక్కువ అనీ, వేయించే సమయం ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాలనీ మార్చండి. గుడ్డు లేని పద్ధతికి కూడా నాలుగు వరుసలు కేటాయించగలిగితే ఆ పేజీని కత్తిరించి దాచుకునేవారిలో నేనూ ఉంటాను.

ఇట్లు,
మీ పత్రిక పాఠకురాలు